పచ్చి కెరటం

నిలబడ్డ నీళ్ల పక్కన పుట్టిన మనిషికి నడిచే నీళ్లంటే మోజుంటుందండీ. ఉండదంటే నేనొప్పుకోను. స్నేహలతనే చూడండి. పుట్టింది కొల్లేటికోటలో, కొల్లేరు నడిబొడ్డున. అక్కడి నీళ్లు ఎటూ పోవు. గూడబాతు వాలితే ఓసారి ఒణికి, మళ్లీ సర్దుకుని పడుకుంటాయి. ఆ నీళ్లు చూస్తూ పెరిగిన మనిషి ముప్పై ఆరో ఏట, తాడేపల్లిగూడెంలో ఇన్సూరెన్సు ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ, సర్ఫింగ్ నేర్చుకుంటానని బయల్దేరింది.

కార్తీకమాసంలో ఆఫీసువాళ్లంతా పేరుపాలెం బీచికి పిక్నిక్ వెళ్లారు. పులిహోర పొట్లం విప్పబోతూ సముద్రంకేసి చూసింది స్నేహలత. ఎవరో అమ్మాయి పొడుగాటి బోర్డు మీద నిలబడి ఒడ్డుకి వచ్చేస్తోంది. తెడ్డు లేదు, గెడ లేదు, ఇంజను చప్పుడు లేదు. నీళ్లే మోసుకొస్తున్నాయి. స్నేహలత చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది.

అది ఆమె కల. తండ్రి మత్తయి పోయిన రెండేళ్ల నుంచీ వస్తున్న కల. అందులో తను ఆరేళ్ల పిల్లై తాటిదోనెలో నిలబడి ఉంటుంది. వెనక నుంచి నాన్న చెయ్యి దోనెని మెత్తగా తోస్తుంది. కిక్కిస గడ్డి రెండు పక్కలకీ ఒరిగి దారిస్తుంది. ఎండ నీళ్లలో కరిగి పసుపు రంగులో కదులుతుంటుంది. దోనె పోతూనే ఉంటుంది, పోతూనే ఉంటుంది. నాన్నా అని వెనక్కి తిరుగుతుంది. ఎవరూ ఉండరు. మెలకువొచ్చేస్తుంది. తను దోనె నేర్చుకున్నది నిజంగా అలాగేనని ఆమె నమ్మకం. నడుంలోతు నీళ్లలో నిలబడి తోసి, చెప్పకుండా చెయ్యి తీసేశాడట నాన్న.

ఆ వచ్చే ఆదివారమే కోచింగులో చేరింది. కోచ్ పేరు జయంత్. ఆ ఊళ్లో చేపలవేట కుటుంబం పిల్లాడే, పాతికేళ్లుంటాయి. విశాఖపట్నంలో నేర్చుకొచ్చి ఇక్కడ పాక వేసుకుని నేర్పుతున్నాడు. మా గోదావరి మర్యాద సంగతి మీకు తెలిసిందే గదా, అతనికీ ఒంటినిండా ఉంది. మనిషి మునిగిపోతున్నా సరే, "పడిపోతున్నారండీ మేడమ్! మోకాళ్లు వంచండీ! అయ్యో, పడిపోయారండీ!" అని అరిచేవాడు.

మొదటి రెండు వారాలూ ఇసకలోనే. ఇసక మీద బోర్డు బొమ్మ గీసి, దాని మీద బోర్లా పడుకుని ఒక్క ఉదుటున లేవడం. లేచి లేచి నడుం పట్టేసింది. మూడో వారం నీళ్లలోకి దింపాడు. విరిగిపోయి నురుగులా వచ్చే కెరటాలు మొదట. అతను వెనక నిలబడి బోర్డుని తోస్తాడు, ఈమె లేవాలి.

లేచింది. లేచిన ప్రతిసారీ ముందుకి దబ్బున పడింది. ఒక వారం కాదు, నాలుగు వారాలు. ముక్కులో ఉప్పునీళ్లు, మోచేతుల మీద గీతలు. తనకన్నా వెనక చేరినవాళ్లు నిలబడిపోతుంటే సిగ్గుతో చచ్చిపోయింది పాపం. జయంత్‌కి అంతు చిక్కలేదు. చివరికి అడిగాడు.

"మేడమ్, మీరు ఎప్పుడైనా దోనె నడిపారాండీ?"

"పుట్టిందే దోనెలో అనుకోండి."

"అదండీ సంగతి! రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి, ముక్కు ముందుకి పెట్టి నిలబడుతున్నారు, గెడ వేసేవాళ్లలాగ. చేతులు కూడా గెడకర్ర పట్టుకున్నట్టే ఉన్నాయండీ. ఇది దోనె కాదు. పక్కకి తిరిగి, ఓ కాలు ముందూ ఓ కాలు వెనకా పెట్టాలి."

కొల్లేటివాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. ముప్పై ఏళ్లు ఒంట్లో ఊరిన అలవాటు ఒక్క మాటతో పోతుందా? ఆఫీసులో ఫైళ్ల బీరువా దగ్గర పక్కకి తిరిగి నిలబడేది. వంటింట్లో పప్పు మెదుపుతూ పక్కకి తిరిగేది. తల్లి అచ్చమ్మ చూసి, "గాలి సోకిందేమిటే నీకు?" అనేది.

అచ్చమ్మకి అసలు కోపం వేరే ఉంది. క్లాసులు ఆదివారం. చర్చి కూడా ఆదివారమే. గూడెం చర్చి క్వయిర్‌లో ముందు వరసలో పాడే స్నేహలత చోటు ఖాళీగా కనిపిస్తుంటే, బెంచీలోంచి చూసే తల్లికి ప్రాణం ఉసూరుమనేది. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు తేల్చి చెప్పేసింది.

"మట్టలాదివారం దాకా ఓర్చుకుంటానమ్మాయ్, ఈస్టరు ముందు వారం దాకా. ఆ పైన ఒక్క ఆదివారం తప్పినా ఊరుకోను. దేవుడి రోజు దేవుడిదే."

దేవుడి మీద స్నేహలతకీ ప్రేమే. ఆ చోటు ఖాళీగా ఉంటుందని ఆమెకీ బాధే. కానీ ఒక దారుంది. పై బ్యాచ్ శనివారం నడుస్తుంది, ఆఫీసుకీ సెలవే. అందులో చేరాలంటే మాత్రం, ఎవరూ తోయకుండా, ఇంకా విరగని కెరటాన్ని తనంతట తాను పట్టుకుని ఒడ్డుదాకా రావాలి. దాన్ని పచ్చి కెరటం అంటాడు జయంత్.

"ఇంటర్మీడియట్ బ్యాచ్ అంటారమ్మా దాన్ని," అని చెప్పింది తల్లికి.

"ఇంటర్ ఎప్పుడో పాసయ్యావు గదే! మళ్లీ ఏమిటి?" అంది అచ్చమ్మ.

మాఘం, ఫాల్గుణం అలా గడిచిపోయాయి. కాళ్లు దారికొచ్చాయి. నురుగు మీద నిలబడింది, కుడికీ ఎడమకీ తిరగడం నేర్చుకుంది. నల్లబడిపోయింది, భుజాలు గట్టిపడ్డాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వరిచేల మీద గాలి కూడా కెరటంలాగే కనిపించేది. పచ్చి కెరటం దగ్గరే ఆగిపోయింది. కెరటం వస్తుందని అందరికన్నా ముందు ఆమెకే తెలిసేది. చేప మెదిలితే నీటి మీద పడే ముడతని చిన్నప్పటి నుంచీ చూసిన కళ్లవి. చేతులతో నీళ్లు తోసుకుంటూ సరైన చోటికే వెళ్లేది. కెరటం బోర్డుని ఎత్తే క్షణంలో మాత్రం మెడ వెనక్కి తిరిగిపోయేది. అంతే, కెరటం తనని వదిలేసి ముందుకి వెళ్లిపోయేది.

"వెనక్కి ఎందుకు చూస్తారండీ?" అని జయంత్ తల పట్టుకునేవాడు.

నాన్న చెయ్యి కోసం చూస్తున్నానని ఎలా చెబుతుంది?

మట్టలాదివారం వచ్చేసింది. తెల్లారకుండానే ఈతమట్టలు పట్టుకుని ఊరేగింపులో పాడి వచ్చారు తల్లీ కూతుళ్లు. ఆ రోజు క్లాసు పదకొండింటికి. "నేనూ వస్తా పద, ఇవాళ్టితో అయిపోతుంది గదా, అదేంటో కళ్లారా చూస్తాను," అంది అచ్చమ్మ. భీమవరంలో బస్సు మారి, నరసాపురంలో ఆటో ఎక్కి బీచికి చేరేదాకా మట్టని ఒళ్లోనే పెట్టుకుంది.

సముద్రం ఆ రోజు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది. తీరిగ్గా, వరసగా, నూనె పూసినట్టు నున్నటి కెరటాలు. స్నేహలత లోపలికి వెళ్లింది. మొదటిది వచ్చింది, వెనక్కి చూసింది, పోయింది. రెండోదీ పోయింది. మూడోది బోర్డుతో సహా బోర్లా తిప్పేసింది. ఒడ్డుకొచ్చి తల్లి పక్కన కూలబడింది. కళ్లలో నీళ్లు, సముద్రం నీళ్లని చెప్పుకోవచ్చు గానీ కావు.

"నావల్ల కాదమ్మా. నాన్న అప్పుడు దోనె తోశాడు కాబట్టి వెళ్లగలిగాను. తోసేవాళ్లు లేకపోతే నేను వెళ్లలేను."

అచ్చమ్మ వింతగా చూసింది. "మీ నాన్న తోశాడా? ఎప్పుడే?"

"నేను నేర్చుకున్న రోజు."

"ఓసి పిచ్చిమొహమా! ఆ రోజు మీ నాన్న నీళ్లలోకే దిగలేదు. అరికాల్లో మేకు గుచ్చుకుని గట్టు మీద కట్టు కట్టించుకుంటున్నాడు, నా చేత. దోనె తాడు ఊడి నువ్వే పోతున్నావు. నేను చూసి కేకెయ్యబోతే చేత్తో నా నోరు మూసేశాడు. పిలవకే అచ్చమ్మా, పిలిస్తే వెనక్కి చూస్తుంది, చూస్తే పడుతుంది అన్నాడు. అరగంట అలాగే కూర్చున్నాడు, ఊపిరి బిగబట్టుకుని. నువ్వు గెడ వేసుకుంటూ తిరిగొచ్చాక ఏడ్చాడు. నీకు చెప్పొద్దన్నాడు."

ముప్పై ఏళ్లుగా స్నేహలత వెనక ఉన్న చెయ్యి, అసలు ఎన్నడూ లేని చెయ్యి. గుండె పగిలినట్టే అనిపించింది. మరుక్షణం ఒళ్లంతా తేలికైపోయింది. గట్టు మీద కూర్చుని, పిలవకుండా తననే చూస్తున్న నాన్న కనిపించాడు. లేచి బోర్డు చంకన పెట్టుకుని మళ్లీ నీళ్లలోకి నడిచింది.

దూరంగా వెళ్లి బోర్డు మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. ఎండ నీళ్లలో కరిగి పసుపు రంగులో కదులుతోంది. మెలకువో కలో ఆమెకే తెలియడం లేదు. అప్పుడు, ఎక్కడో, నీటి మీద ఒక్క ముడత పడింది. బోర్డు తిప్పి బోర్లా పడుకుని చేతులు వేసింది. వెనక నీళ్లు లేస్తున్నాయి. బోర్డు తోక పైకి లేచింది. మెడ తిరగబోయింది. తిరగనివ్వలేదు. ఒడ్డు మీద అమ్మ తెల్లచీర చుక్కలా కనిపిస్తుంటే దాన్నే చూస్తూ లేచి నిలబడింది, పక్కకి తిరిగి, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక.

చప్పుడు ఆగిపోయింది. పచ్చటి నీళ్లు కింద నుంచి జారిపోతున్నాయి, ఆమె నిలబడే ఉంది. జయంత్ గాల్లోకి ఎగిరి ఏదో అరుస్తున్నాడు, కచ్చితంగా అండీ పెట్టే అరుస్తుంటాడు. స్నేహలత నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియదు. కెరటం ఆమెని మోకాలిలోతు నీళ్లదాకా తెచ్చి దింపేసింది.

అక్కడ అచ్చమ్మ నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. ఒక చేతిలో మట్ట, రెండో చేత్తో గట్టిగా నోరు మూసుకుని ఉంది.

"ఏంటమ్మా, అలా నోరు మూసుకున్నావు?"

అచ్చమ్మ చెయ్యి తీసింది. చెంపలు తడిగా ఉన్నాయి.

"పిలిస్తే పడతావని," అంది. కొంగుతో కూతురి మొహం తుడుస్తూ అడిగింది, "శనివారం బస్సు ఎన్నింటికే?"