ఏడో నంబరు సీసాకి పేరు

పదకొండుకి గంట కొడతారు. ఇంకా నలభై నిమిషాలుంది. నిమియా అప్పుడే గెలిచేసింది.

అసున్సియోన్ విశ్వవిద్యాలయంలో కర్బన రసాయనశాస్త్రం ప్రాక్టికల్ పరీక్ష. నిమియాకిది మూడోసారి. ఈసారీ తప్పితే ఏడాదంతా మళ్లీ చదవాలి. తలో సీసా ఇచ్చారు, నిమియాది ఏడో నంబరు. లోపల రంగులేని ద్రవం. దాని పేరు చెప్పాలి, అంతే.

పరీక్షనాళికలో ఏడో నంబరు ద్రవం రెండు చుక్కలు వేసి, బ్రాడీ ద్రావణం పోసింది. పసుపు మడ్డి దిగింది. అంటే ఆల్డిహైడో కీటోనో అయి తీరాలి. ఇంకో నాళికలో వెండి ద్రావణంతో వేడి చేసింది. ఆల్డిహైడైతే గాజుకి అద్దం పట్టాలి. పట్టలేదు. కీటోనన్నమాట! నాళిక మూతి దగ్గర చెయ్యి విసిరి వాసన చూసింది. ఎసిటోనే. దాని శాస్త్రీయ నామం, కీటోన్లకుండే 'ఓన్' తోకతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: ప్రొపనోన్.

"నామకరణం అయిపోయిందా పిల్లా?" రసాయనాల గది చూసుకునే డోన్ క్రిస్పీన్ వచ్చాడు, చేతిలో ఎసిటోన్ సీసాతో. "పొద్దున్నించి ఇది మూడోది. నాళికలు కడుగుతున్నారా, దీంతో స్నానాలు చేస్తున్నారా?"

"ఏం చెయ్యమంటారు? ఆరబెట్టే పెట్టె దగ్గర క్యూ. దీంతో కడిగి నాలుగుసార్లు ఊపితే ఆరిపోతుంది."

"మొత్తం ఆరిపోతుందా? నీ మాటే నమ్ముతాన్లే!" నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మొత్తం ఆరిందా? నిమియా కలం పక్కన పెట్టేసింది.

అలాగే కడిగిన మరో నాళిక తీసింది. ఏడో నంబరు ద్రవం ఒక్క చుక్క కూడా వెయ్యలేదు. బ్రాడీ ద్రావణం మాత్రమే పోసింది. పసుపు మడ్డి!

తను పరీక్షించింది సీసాని కాదు, కడిగిన ఎసిటోన్‌ని. ఆలూ చూలూ లేకుండానే కొడుక్కి పేరు పెట్టేసింది.

పరిగెత్తి క్యూలో నిలబడింది.

"ఇక్కడేమైనా వేడివేడి చిపా రొట్టెలు పంచుతున్నారనుకున్నావా తల్లీ?" ప్రొఫెసర్ రెకాల్దే వెనకనించి అడిగింది.

"పొడి నాళికలు కావాలి ప్రొఫె."

"అయ్యో, ముందే జవాబు రాసేసినట్టున్నావే!"

పొడి నాళికలో బ్రాడీ ద్రావణం పోసినా ఏడో నంబరు ద్రవం తేటగానే ఉండిపోయింది. కీటోన్ కాదు, ఆల్డిహైడూ కాదు. ఈసారి సీసా మూతే తీసి వాసన చూసింది. ఫోన్లు బాగుచేసే అన్నయ్య బల్ల గుర్తొచ్చింది. సర్క్యూట్లు తుడిచే ద్రవం!

వాసనకి మార్కులివ్వరు. రుజువు కావాలి. ఆమ్లం కలిపిన డైక్రోమేట్ వేసి వేడి చేసింది. నారింజ రంగు ఆకుపచ్చకి తిరిగింది. ఆల్కహాల్! ఆవిరిని చల్లార్చి, ఆ చుక్కలు బ్రాడీ ద్రావణంలో వేస్తే పసుపు. వెండి ద్రావణంలో వేస్తే అద్దం లేదు. కీటోన్‌గా మారే ఆల్కహాల్, అన్నయ్య బల్లమీదిదే. పాత పేరు అడ్డంగా కొట్టేసి, ఆల్కహాళ్లకుండే 'ఓల్' తోకతో రాసింది: ప్రొపాన్-2-ఓల్.

గంట కొట్టారు.

రెకాల్దే కాగితం కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుంది. "ఈ ద్రవమే ఇంకో ఇద్దరి సీసాల్లోనూ పోసిచ్చాను. నువ్వు కొట్టేసిన పేరునే వాళ్లు కింద గీత గీసి మరీ రాశారు."

"అయితే ప్రొఫె..."

ఐదుకి రెండొస్తే పాసు. రెకాల్దే మూడు వేసింది.

"కనిపెట్టినందుకు నాలుగివ్వొచ్చుగా!"

"ఇస్తానమ్మా. ముందు ఆ కొట్టివేత ఎలా వచ్చిందో నోటితో చెప్పు, మార్కులు మళ్లీ లెక్కేద్దాం."

నిమియా బల్లమీది సంచి అందుకుంది. "మూడు చాలా బావుంది ప్రొఫె."