ఆకుపచ్చ సిరా కళావరు ఆసు

1989 ఆగస్టు పదిహేను. భీమునిపట్నంలో రామజోగి మాస్టారింట్లో ఆ మధ్యాహ్నం ఎదురింటివాళ్ళతో పేకాడుతూ మినపరొట్టె చెరుకు పానకంలో అద్దుకుని తిన్నారు. నేను ఒక పేకముక్కను. అప్పటికి జోకరుని, తురుపాటలో ఎవరికీ అక్కర్లేనిదాన్ని. పానకం ఒలికి కళావరు ఆసు ఉబ్బిపోయింది. మాస్టారి భార్య భ్రమరాంబగారు నా బొమ్మను బ్లేడుతో గీకేసి, చేతికందిన ఆకుపచ్చ సిరాతో మూడాకులూ ఒక కాడా గీశారు. అలా నాకు పెద్దరికం వచ్చింది.

మాస్టారు కాలేజీలో చరిత్ర చెప్పేవారు. కళావరు అనేది డచ్చివాళ్ళ ఓడల్లో వచ్చిన మాట అన్నారు. వాళ్ళ భాషలో క్లావర్ అంటే పశువులు మేసే మూడాకుల గడ్డి. ఇంగ్లీషువాళ్ళ క్లోవర్ దానికి తోబుట్టువు. అయినా పేకలో మాత్రం ఆ ఇంగ్లీషువాళ్ళే నన్ను క్లబ్, అంటే దుడ్డుకర్ర, అంటారు. ఆకును చూస్తూ కర్ర అనడం మనుషులకే చేతనవుతుంది.

"అయితే ఇన్నేళ్ళూ గడ్డి కోసమా మనం పోట్లాడుకుంటున్నది?" అన్నారు భ్రమరాంబగారు.

ఏళ్ళ తరబడి వేళ్ళు తగిలి నా సిరా పలచబడింది. ఆవిడ పోయాక మాస్టారు పేకను పౌడరు డబ్బాలో పెట్టేశారు. ఫొటోల్లో ఆవిడ ముఖం ఉంది. ఆవిడ గీసిన గీత మాత్రం నా మీదే మిగిలింది. ఆడితే అది చెరిగిపోతుందని ఆయన భయం. ఎదురింటి నూకరాజు, అతని భార్య సింహాచలం రోజూ సాయంత్రం వచ్చి కూర్చుని, పేక ఊసెత్తకుండానే వెళ్ళేవారు. ఒకనాడు నూకరాజే కదిపాడు.

"ఇంకో జోకరుంది కదా మాస్టారూ. దాని మీద ఆసు రాసీండి. ఇది బీరువాలో దాసుకోండి."

మాస్టారు డబ్బాలోంచి నన్ను తీసి వెలుతురుకేసి పట్టుకుని చూశారు.

"ఆవిడ ఆడ్డానికే గీసింది, నూకరాజూ. పంచు."

ఆ ఆటలో నేను నూకరాజుకు పడ్డాను. ఎప్పుడూ ముక్కల్ని గుప్పిట్లో నలిపే మనిషి, సిరాకు వేలు తగలకుండా నన్ను ఒక్కదాన్నే అంచులతో పట్టుకున్నాడు. ఆసు ఎవరి దగ్గరుందో ఇక చెప్పక్కర్లేదు.

"అలగ పట్టుకుంటే దొరికిపోవా, ఎర్రిమాలోకం" అని సింహాచలం మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

మాస్టారు కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ, ఏమీ ఎరగనట్టు కళావరు రాజును దించారు. నూకరాజు నన్ను దాని మీద మెల్లగా ఆనించి పట్టు తీసుకున్నాడు. మాస్టారు ఓడి, రేపు కాస్త ముందుగా రమ్మన్నారు.

వాళ్ళు గేటు దాటేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు. తర్వాత చప్పుడు కాకుండా తలుపు వేశారు.