పరిరక్షణలో ఉన్న పోస్టాఫీసు

పాత పోస్టాఫీసును కాపాడటానికి సంఘం పెట్టారని విన్న రోజే, దాని పని అయిపోయిందనుకున్నాను.

కాగితాల్లో అది తొమ్మిదేళ్లుగా ఖాళీ భవనం. నిజానికి మా పిన్ని అందులో ఆరు కుట్టు మిషన్లు పెట్టుకుని, పదిమంది ఆడవాళ్లకు పని నేర్పేది. ఆఫీసు కొత్త భవనానికి మారినప్పుడు పోస్టుమాస్టరే తాళం చెవి ఇచ్చి, కాస్త చూస్తూ ఉండమ్మా అని చెప్పి వెళ్లాడు. ఆమె పొద్దున్నే ముప్ఫై రెండు కిటికీలూ తీసేది, సాయంత్రం వేసేది. పెంకు కదిలితే నన్ను పైకి ఎక్కించేది. కూలి అడిగితే మొట్టికాయ వేసేది.

సంఘం అధ్యక్షుడు వచ్చి దూలాలను తట్టి చూశాడు. గోడ కనిపిస్తే చాలు ప్రసంగం మొదలెట్టే మనిషి.

"అబ్బ! నిన్న కట్టినట్టుంది. ఆ కాలపు సున్నం మహిమ ఇది!" అన్నాడు. పక్కనే చీపురు పట్టుకుని నిలబడ్డ పిన్నిని, ఫొటోకి అడ్డొస్తున్నావు, కాస్త తప్పుకోమ్మా అన్నాడు.

వారం తిరక్కుండా ఆక్రమణదారు ఖాళీ చేయాలని నోటీసు వచ్చింది. మిషన్లు పిన్ని ఇంటి వరండాలోకి చేరాయి. అక్కడ రెండింటికే చోటు. మిగతా నాలుగూ గోనెపట్టాల కింద, ఏడుగురు ఆడవాళ్లు ఇళ్లల్లో.

కిటికీలకు మేకులు కొట్టడానికి వడ్రంగినైన నన్నే పిలిచారు.

"గాలాడకపోతే కర్ర పాడైపోతుందండీ," అన్నాను.

"నువ్వు వడ్రంగివా, నిపుణుడివా?" అన్నాడు అధ్యక్షుడు.

నోరు మూసుకుని కొట్టాను. నేను కాకపోతే ఇంకొకడు కొడతాడని సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేని మాట అది. పిన్ని ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది.

వానాకాలం సగం గడిచాక, ఫలకం ఆవిష్కరించాలని, దాన్ని బిగించడానికి నన్నూ పిలిచి తలుపు తెరిచారు. లోపల గోడలకు బూజు, నేల నిండా సున్నం పెచ్చులు, నడి దూలానికి చెద. అధ్యక్షుడు గుడ్లప్పగించి చూశాడు. అప్పటికప్పుడు అక్కడే, ఆ హాల్లోనే అత్యవసర సమావేశం పెట్టి పిన్నిని పిలిపించారు.

"తొమ్మిదేళ్లు ఏ మందు పూశారమ్మా దీనికి?"

"కిటికీలు తీశాను."

"అది సరే, ఇంకా?"

"సాయంత్రం వేశాను."

తన దగ్గర ఏదో దాస్తోందన్నట్టు చూశాడాయన. "నిజం చెప్పండి, ఇది చరిత్రకు సంబంధించిన విషయం."

"లోపల మనుషులున్నారండీ. చుక్క పడితే ఎవరి నెత్తిన పడిందో వాళ్లు అరిచేవాళ్లు, వెంటనే వీణ్ణి పైకెక్కించి బాగుచేయించేదాన్ని. మీరు అందరినీ గెంటేశారు. ఇక అరిచేదెవరు?"

సంఘం వాళ్లు గుసగుసలాడుకున్నారు. చివరికి అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "రేపటి నుంచి వచ్చి కిటికీలు తీసి వెయ్యండి. సేవాభావంతో. మిషన్లు మాత్రం కుదరవు. కట్టడం హుందాతనం దెబ్బతింటుంది."

"ఓహో! కిటికీలు తీయడానికి మనిషినా? లోపల కూర్చుంటే ఆక్రమణదారునా?"

ఆయన బల్ల మీది ఫైలు తిరగేశాడు. వచ్చే సమావేశంలో ఆలోచిద్దామన్నాడు.

అంతలో వాన దంచడం మొదలైంది. కప్పు నుంచి ధార సరిగ్గా బల్ల మీది ఫైలు మీద పడింది. బల్ల ఇటు జరిపితే ఇక్కడ, అటు జరిపితే అక్కడ. పెద్దమనుషులంతా బల్ల మోసుకుంటూ హాలంతా తిరిగారు. ఎక్కడ కారదో తెలిసిన మనిషి ఒక్కతే ఆ గదిలో. ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

"ఏమ్మా, కాస్త చెప్పవచ్చు కదా!" అన్నాడు అధ్యక్షుడు.

"రాసివ్వండి," అంది పిన్ని.

తడిసిన కాగితం మీదే రాసిచ్చాడు. పిన్ని తీరిగ్గా చదివి, వెనక్కి తోసింది.

"'అనుమతి' అని రాశారు. మిషన్లు ఎన్నో రాయలేదు."

బల్ల మోస్తున్నవాళ్లు, ఆరు అని రాసెయ్యండి మహానుభావా అని అరిచారు. ఆయన 'ఆరు' అని రాసి సంతకం పెట్టాడు. పిన్ని కాగితం మడిచి రవికలో దోపుకుని, నా వైపు తిరిగింది.

"ఆ మూల కారదు. బల్ల అక్కడ పెట్టించు. నువ్వెళ్లి మేకులు పీకు. వంకరపోయిన మేకులు పారెయ్యకు, ఒక్కొక్కటీ లెక్కపెట్టి నా చేతికివ్వు. ఎన్ని కొట్టావో చూడాలి."

నూట ఇరవై ఎనిమిది కొట్టాను. నాకు లెక్క గుర్తుంది.