డబ్బింగులో మారిన మాట

జపాన్ యానిమే సీరియళ్లను తెలుగులో విశ్లేషించే యూట్యూబ్ చానల్‌ను యమున, విద్య కలిసి నడిపేవాళ్లు. యమున తండ్రి గోదావరిఖనిలో గని కార్మికుడు. విద్య తండ్రి అదే గనుల కంపెనీలో ఇంజినీరు. డిగ్రీలో ఒకే బెంచీ మీద కుదిరిన స్నేహం వాళ్లది. యమున మాట్లాడేది, విద్య ఎడిటింగ్ చేసేది.

ఆ వారం తీసుకున్న కథలో జనమంతా నేల కింద కట్టిన నగరంలో బతుకుతుంటారు. పైన గాలి విషమని పుట్టినప్పటి నుంచీ వాళ్లకు చెబుతారు. ఏడో ఎపిసోడ్ చివర ఒక అమ్మాయి తలుపు తోసుకుని పైకొస్తే, అక్కడ పచ్చగడ్డి గాలికి ఊగుతుంటుంది. ఆమె వెనకే వచ్చిన కాపలా ముసలాయన, ఇంగ్లీషు డబ్బింగులో, "నన్నూ మోసం చేశారు" అంటాడు. ఆ మాటకు యమునకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆయన ఎంత అమాయకుడో వీడియో పొడుగునా చెప్పింది.

మర్నాడే కామెంట్లలో నవ్వులు మొదలయ్యాయి. అసలు జపనీస్‌లో ముసలాయన అనేది, "నాకు మొదటి నుంచీ తెలుసు" అని. డబ్బింగువాళ్లు మార్చేశారు. ఎవరో ఒక లింకు కూడా పెట్టారు. కొత్త చానల్, 'తెలుగు విశ్లేషణలో పెద్ద తప్పు' అని వీడియో. మొదటి మాటకే యమున ఆ గొంతు గుర్తుపట్టింది.

సాయంత్రం ఆఫీసర్ల కాలనీలో విద్య ఇంటికి వెళ్లింది. విద్య గేటు దాకా వచ్చింది గానీ లోపలికి రమ్మనలేదు.

"జపనీస్‌ది నువ్వు ఎప్పుడు చూసినవ్?"

"నువ్వు రికార్డు చెయ్యకముందే. సబ్‌టైటిల్స్ పెట్టుకుని."

"మరి నాకెందుకు చెప్పలే?"

విద్య గేటు గొళ్లెం వైపు చూసింది. "చానల్ అంటే అందరికీ నీ గొంతే యమునా. నేనున్నానని ఎవరికి తెలుసు? నాకంటూ ఒకటి ఉండాలనుకున్నాను."

"పెట్టుకో, నేను వద్దంటనా? నా మాటలు తప్పని తెల్సి గూడ కూసొని ఎడిటింగ్ చేసినవ్. ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె."

"సారీ."

"నేను తప్పు చెప్తేనే నీ వీడియో నడుస్తది. గందుకే చెప్పలే."

"అవును," అంది విద్య.

ఇంటికొచ్చి యమున ఆ ఎపిసోడ్‌ను జపనీస్‌లో మళ్లీ చూసింది. తన తప్పు ఒప్పుకుంటూ ఒక చిన్న వీడియో తీసి, వచ్చీరాని ఎడిటింగ్ తనే చేసి పెట్టింది. అందులో విద్య పేరెత్తలేదు.

రెండు రోజుల తర్వాత, మొదటి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి టీ తాగుతూ అడిగాడు.

"విద్య బిడ్డ వస్తలేదేంది?"

"ఇగ రాదు బాపు."

"కొట్లాడుకున్నరా?"

"లేదు," అంది యమున, ఖాళీ గ్లాసు అందుకుంటూ. "కొట్లాట అయితే మంచిగుంటుండె."