కొట్టు గోడ

గోడ కట్టడానికి ఇటుకలు కావాలి, సిమెంటు కావాలి. గోడ పడగొట్టడానికి సమ్మెట చాలు. ముప్పయ్యేళ్ళ అనుభవంతో మేస్త్రి నమ్ముతూ వచ్చిన సంగతి ఇది. ఈ ఇంట్లో పనికి ఒప్పుకున్న మొదటి రోజే, గోడ పడగొట్టాలంటే తెల్ల కాగితాలు, టేపు, లావు పాళీ ఉన్న నల్ల మార్కరు కూడా కావాలని తెలిసొచ్చింది.

ఆ మూడూ ఇంటి కోడలివి. ఆమె ఒక ఆసుపత్రిలో రికార్డుల గది చూస్తుంది. చీటీ లేని ఫైలు కంటపడితే ఆవిడకి ఆ పూట అన్నం సహించదు. ఇప్పుడు సొంత ఇంటికే ఆపరేషను జరుగుతుంటే ఊరుకుంటుందా? రెండు నెలలు సెలవు పెట్టి రంగంలోకి దిగింది. గోడ పడకముందు ఒక ఫోటో, పడుతుండగా ఒకటి, పడ్డాక ఒకటి. ప్రతి ఫోటోలోనూ ఏ గదో, ఏ గోడో, ఏ తారీఖో రాసిన చీటీ. నీళ్ళ గొట్టం ఎటు పోతోందో, కరెంటు తీగ ఎక్కడ దాక్కుందో రేపు కొత్త గోడలో మేకు దించేటప్పుడు తెలియాలి కదా అని ఆమె వాదన. వాదన సబబే, కాదనను. కానీ సమ్మెట నెత్తి మీదకి ఎత్తిన మనిషిని ఎత్తింది ఎత్తినట్టే ఆపి, "ఒక్క క్షణం, చీటీ వంకరగా వచ్చింది" అంటే ఆ భుజం ఏమైపోవాలి?

మేస్త్రిని అందరూ సుత్తి మేస్త్రి అంటారు. చేతిలో ఉన్న సుత్తి వల్ల వచ్చిన పేరని ఆయన అనుకుంటాడు. ఆయనతో పది నిమిషాలు మాట్లాడినవాళ్ళకి అసలు కారణం వేరే ఉందని తెలుసు.

ఇక భర్తగారు. అమ్మకీ భార్యకీ మధ్య పదకొండేళ్ళుగా గోడ మీద పిల్లిలా కాలం వెళ్ళదీసిన మనిషి. ఇప్పుడు రోజుకో గోడ పడిపోతుంటే ఎక్కడ కూర్చోవాలో ఆయనకి పాలుపోవడం లేదు. ఇంకా కూల్చని ముందు గదిలో, టార్పాలిన్ వెనక, లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటున్నాడు. అడిగితే అవునంటాడు, గట్టిగా అడిగితే చూద్దామంటాడు.

ఈ కథకంతటికీ మూలం అత్తగారు పెట్టిన షరతు. ఇల్లు బాగు చేయిస్తామని కొడుకూ కోడలూ ప్లాను కాగితం ముందు పెట్టినప్పుడు ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అంతా చూసింది. చాలాసేపు చూసింది. కాగితం మడతపెట్టి తిరిగిచ్చేసింది.

"కొట్టు జోలికి మాత్రం రాకండి. మిగతాది మీ ఇష్టం. కూల్చుకుంటారో కాల్చుకుంటారో."

కొట్టు అంటే వంటింటి వెనక ఉన్న చిన్న సామాన్ల గది. అందులో ఖాళీ డబ్బాలు, అట్టపెట్టెలు, ఒక కాలు కుంటి కుర్చీ తప్ప ఏమీ లేవు. అయినా అత్తగారు రోజూ మధ్యాహ్నం ఏదో వెతకాలంటూ అందులోకి వెళ్ళేది. అరగంటకి బయటికొచ్చేది, ఉత్త చేతులతో. అరగంట వెతికినా దొరకనిది ఏమిటో అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

దుమ్ము పడదని ఆవిడ రెండు వీధుల అవతల ఉన్న కూతురింటికి మారింది. మారుతూ కోడలికి ఇంకో మాట చెప్పింది. "రోజూ సాయంత్రం ఐదింటికి కొట్టు ఫోటో పంపు. కళ్ళారా చూస్తే గానీ నాకు నిద్ర పట్టదు."

ఇంకొకరైతే ఉడుక్కునేవారు. మన కోడలు మురిసిపోయింది. ఎందుకంటే తను పాలు కాస్తే గిన్నె మూత తీసి మళ్ళీ చూసే అత్తగారు, తను తాళం వేస్తే వెనక్కి వెళ్ళి లాగి చూసే అత్తగారు, మొదటిసారిగా కోడలి చేతికి ఒకటి అప్పగించి వెళ్ళింది. కొట్టు నిలబడితే తన మాట నిలబడుతుంది. అత్తగారి నమ్మకం ఒక్కసారి సంపాదిస్తే చాలు, ఈ ఇంట్లో మిగతా బతుకంతా కాస్త ఊపిరాడుతుంది. కోడలికి కావలసింది అదే.

మొదటి రోజు ఫోటోకి అత్తగారి జవాబు: "సరే." రెండో రోజు: "సరే." మూడో రోజు: "సరే అమ్మాయ్." ఆ 'అమ్మాయ్' చూసి కోడలు ఇటుకల గుట్ట మీద కూలబడి భర్తకి రెండుసార్లు చదివి వినిపించింది.

నాలుగో రోజు కొంప మునిగింది.

ఎలా మునిగిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు ఎవరిదో నాకు ఈ రోజుకీ తేలలేదు. మొదటి రోజే కోడలు మేస్త్రికి స్పష్టంగా చెప్పింది: "స్టోర్‌రూము ముట్టుకోవద్దు." ఆవిడ నోట అది ఎప్పుడూ స్టోర్‌రూమే. కొట్టు అన్నది అత్తగారి మాట. ఫోటోలు వెళ్ళేది అత్తగారికి కాబట్టి చీటీ మీద ఆవిడ మాటే రాసేది: 'కొట్టు గోడ', కింద తారీఖు. మూడు రోజులూ ఒక చేత్తో చీటీ పట్టుకుని ఇంకో చేత్తో ఫోటో తీసింది. చెయ్యి వణికి ఫోటో మసకబారుతోందని నాలుగో రోజు మధ్యాహ్నం చీటీని నిండు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకే అంటించేసింది. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఎవరిదో ఫైలు కనపడడం లేదట. ఆవిడ ఫోనులోనే ఆ ఫైలు వెతికిపెడుతూ వీధిగుమ్మం దాకా వెళ్ళింది.

ఇటు మేస్త్రి వచ్చాడు. ఆయన పనిచేసే చోటల్లా ఒక పద్ధతి ఉంది. పడగొట్టాల్సిన గోడ మీద 'కొట్టు' అని రాస్తారు, మిగల్చాల్సిన దాని మీద 'ఉంచు' అని రాస్తారు. మూడు రోజులుగా ఈ అమ్మగారు హాలు గోడ, వంటింటి గోడ అంటూ గోడలకి పేర్లు పెట్టడమే గానీ పని చెప్పింది లేదు. ఈ రోజు చూస్తే పేద్ద అక్షరాలతో 'కొట్టు గోడ' అని ఉంది. ఇన్నాళ్ళకి మా భాష పట్టుబడిందని ఆయన పొంగిపోయాడు. వద్దన్న గోడేగా అని అనుమానం వచ్చింది, నిజమే. కానీ ఇల్లు బాగుచేయించుకునేవాళ్ళు రోజుకోసారి మనసు మార్చుకోవడం ఆయనకి కొత్త కాదు. పైగా రాతపూర్వకంగా ఉంది, తారీఖుతో సహా.

ఫైలు దొరికి కోడలు లోపలికి వచ్చేసరికి గోడ లేదు. ఇటుకల గుట్ట మీద దుమ్ము లేస్తోంది. కొట్టుకీ, వెనక నడవాకీ మధ్య అడ్డం పోయి, నడవా కిటికీలోంచి ఎండ తిన్నగా వచ్చి ఖాళీ డబ్బాల మీద పడుతోంది.

"ఏం చేశారండీ!"

"మీరు రాసిందే చేశాం అమ్మగారూ," అన్నాడు మేస్త్రి, పెచ్చుల్లోంచి చీటీ ఏరి దులుపుతూ. "పడగొట్టేముందు ఫోటో కూడా తీయించాను. మీకు అలవాటు కదా. నేనసలు ముందే అనుకున్నాను, ఈ గోడ బరువు మోసేది కాదు, ఉత్త అడ్డుగోడ, దీన్ని ఉంచుకుని ఏం..."

"కొట్టు అంటే స్టోర్‌రూము!"

మేస్త్రి చీటీ వంక చూశాడు. కోడలి వంక చూశాడు. మళ్ళీ చీటీ చదివాడు. ఆయన జీవితంలో మాట దొరకని సందర్భం బహుశా అదొక్కటే.

ఐదు కావడానికి ఇంకా పావుగంట ఉంది. భర్తగారు టార్పాలిన్ పక్కకి తొలగించి విషయం విన్నాడు.

"నిన్నటి ఫోటో పంపెయ్. గోడే కదా, రోజుకో రకంగా ఉంటుందా?"

"దాని మీద నిన్నటి తారీఖు ఉంది."

"నిన్నెవరు వెయ్యమన్నారు తారీఖు?"

ఆ తర్వాత కోడలు చేసిన పని ఆవిడ ఉద్యోగానికే మచ్చ. ఈ ఇంట్లో అదే లేతాకుపచ్చ రంగు ఇంకో గోడకి ఉంది, బాత్రూములో. ఆవిడ కొత్త చీటీ రాసింది: 'కొట్టు గోడ', నేటి తారీఖు. దాన్ని బాత్రూము గోడకి ఆనించి, గొట్టం పడకుండా, కుళాయి పడకుండా దగ్గరగా ఫోటో తీసి పంపేసింది. పదకొండేళ్ళ రికార్డుల గదిలో ఒక్క అబద్ధపు చీటీ రాయని మనిషి.

జవాబు వెంటనే వచ్చింది. "బాగుంది అమ్మాయ్. నీ మాటంటే మాటే."

తిట్టినా బాగుండేది. కోడలు ఆ జవాబు మళ్ళీ చదివింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది, మంచినీళ్ళు తాగింది. ఫోను మళ్ళీ తీసి అత్తగారికి కలిపింది. భర్త చేత్తో వద్దు వద్దని సైగ చేస్తున్నా వినలేదు.

"అత్తయ్యా, నేను పంపింది అబద్ధం. కొట్టు గోడ పడిపోయింది. తప్పు నాదే."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

పావుగంటలో అత్తగారు గుమ్మంలో ఉంది. దుమ్ము పడని మనిషి ముక్కుకి పైట కూడా అడ్డం పెట్టుకోకుండా, ఇటుకలు తప్పించుకుంటూ తిన్నగా కొట్టు దాకా నడిచింది. కూలివాళ్ళు గునపాలు దించేశారు. భర్తగారు ఆనుకోవడానికి గోడ కోసం వెతుక్కుని, దొరక్క, మధ్యలో నిలబడిపోయాడు.

అత్తగారు చీటీ అడిగి తీసుకుని చదివింది.

"ఇందులో మేస్త్రి తప్పేముంది? చదువొచ్చినవాడు, చదివాడు."

"అదేనమ్మా నేను చెప్పేది," అని అందుకోబోయాడు మేస్త్రి.

"నువ్వాగు."

కోడలు ఫోను తెరిచి గబగబా ఫోటోలు చూపించసాగింది. "మళ్ళీ కట్టిస్తాను అత్తయ్యా. ఎక్కడ మేకుందో, ఎక్కడ అరుందో, అన్నీ నాలుగు రోజులవీ ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా రాకుండా..."

అత్తగారు తన ఫోను తీసి ఇందాక వచ్చిన దొంగ ఫోటో చూపించింది. "ఇది బాత్రూము గోడ."

"మీకెలా తెలిసింది?"

"ఈ మూల పెచ్చూడింది చూశావా, తాబేలులా? దీన్ని నేను ఆనవాలు పట్టలేనా?"

"నాకెప్పుడూ బాతులా అనిపించేది," అనేసింది కోడలు. అన్నాక నాలుక్కరుచుకుంది. బాత్రూము గోడ మీద పెచ్చు బాతులా ఉందో తాబేలులా ఉందో తెలియాలంటే దాని ఎదుట ఎంతసేపు నిలబడాలి?

అత్తగారు ఆవిడ ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"మరి తెలిసీ, మాటంటే మాటే అని ఎందుకు రాశారు?" నీళ్ళు నములుతూ అడిగింది కోడలు.

"ఎంతసేపు మోస్తావో చూద్దామని. పది నిమిషాలు కూడా మోయలేకపోయావు." అత్తగారు కుంటి కుర్చీ లాక్కుని డబ్బాల మధ్య కూర్చుంది. "ఈ కొట్టు మీ మావయ్యగారు తర్వాత కట్టించారు. అంతకు ముందు ఆరేళ్ళు నేను ఏడవాలనిపిస్తే ఆ తాబేలు దగ్గరికే పోయేదాన్ని. కుళాయి తిప్పేసి. కొట్టు వచ్చాక ఇక్కడికి మారాను. ఇప్పుడు ఏడవడానికేం లేదులే. ఊరికే తలుపేసుకుని కూర్చుంటాను. అంతే. అదొక్కటే నాకు తలుపున్న చోటు. నీ పెళ్ళి నాటికే నా మంచం హాల్లో ఉంది. మీ ప్లానులోనూ హాల్లోనే ఉంది, కిటికీ పక్కన."

"అమ్మా, నీకు టీవీ ఇష్టమని..." అన్నాడు కొడుకు.

"ఇష్టమే. అందరి మధ్యా పడుకోవడం ఇష్టమని ఎప్పుడైనా చెప్పానా? నాకో గది కావాలని అడగడానికి నోరు రాలేదు. కొట్టు ఉంచమని అడగడం తేలిక."

సుత్తి మేస్త్రి జేబులోంచి కొలత టేపు తీసి, ఎవరూ అడక్కుండానే, నడవా గోడ నుంచి కొట్టు చివరి దాకా పరిచాడు. అడ్డంగానూ కొలిచాడు.

"పది అడుగులు, తొమ్మిది అడుగులు అమ్మగారూ. కిటికీ కూడా కలిసొచ్చింది. నడవాలో వాషింగ్ మెషీన్ అని రాసుంది ప్లానులో."

"అది ఎక్కడ పెట్టినా తిరుగుతుంది," అంది కోడలు. "తలుపు పెట్టండి. అత్తయ్యా, గడియ..."

"లోపలివైపు."

"లోపలివైపే పెట్టండి మేస్త్రిగారూ."

అత్తగారు లేచింది. కిటికీ దాకా వెళ్ళి ఊచ ఒకటి పట్టుకుని కదిపి చూసింది. వెనక్కి తిరక్కుండానే అంది: "నేను లేనప్పుడు నువ్వొచ్చి వేసుకో ఆ గడియ. కుళాయి తిప్పితే ఎవరికీ వినపడదనుకుంటావు. ఎంతసేపు పారినా బకెట్టు నిండిన చప్పుడు రాకపోతే నాకు తెలీదా అమ్మాయ్?"

కోడలికి దుఃఖం తన్నుకొచ్చింది. పదకొండేళ్ళ అలవాటు కొద్దీ కాళ్ళు బాత్రూము వైపు పరిగెత్తాయి. ఆ తలుపు పొద్దునే పీకేశారు. చేసేది లేక తిరిగొచ్చి, అత్తగారి ఎదుట, మొగుడి ఎదుట, కూలివాళ్ళందరి ఎదుట, దుమ్ములో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"మేస్త్రీ, అటు తిరుగు," అంది అత్తగారు కోడల్ని దగ్గరికి తీసుకుంటూ.

మేస్త్రి మర్యాదగా గోడవైపు తిరగబోయాడు. అక్కడ గోడ లేదు. కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.