గీత పడని బండి

మా బావ నారాయణమూర్తి కార్ల షోరూమ్ ముందు లారీలోంచి ఆ కారును దింపుతుంటే, చూడటానికి వచ్చినవాళ్ళు శవాన్ని దింపుతున్నట్టు పక్కకు జరిగారు. ముందుభాగం నుజ్జయిపోయిన కారు అది. చెన్నై దగ్గర నేను ఇంజనీరుగా పనిచేసే ల్యాబ్‌లో మేమే దాన్ని కావాలని గోడకు గుద్దించాం.

గుద్దించేటప్పుడు లోపల మనిషికి బదులు బొమ్మను కూర్చోబెడతాం. ముఖం ఎక్కడ తగిలిందో తెలియడానికి దాని బుగ్గలకు రంగు పూస్తాం. ఈ కారులో స్టీరింగ్ మీదికి జారిపోయిన ఎయిర్‌బ్యాగ్ మీద ఆ ఎర్ర రంగు ముద్ర ఇంకా ఉంది. దెబ్బనంతా ముందుభాగం నలిగి మింగేసింది, కూర్చునే చోటు చెక్కుచెదరలేదు. జనానికి ఈ ఒక్క సంగతి కళ్ళారా చూపిద్దామని రోడ్డు భద్రతా వారోత్సవాలకు కార్ల కంపెనీ, మా ల్యాబ్, డీలర్ల సంఘం కలిసి శ్రీకాకుళానికి దీన్ని తెప్పించాయి. పైకి చెప్పిన మాట అది. నేను మాత్రం మా అక్క కూతురు సింధూరి కోసం తెచ్చాను. విజయనగరం కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం రాగానే బావ దానికి కారిచ్చి, ఆ కారు బంపర్‌కు ముందు తన షోరూమ్‌లో అమ్మే పెద్ద ఇనుప కడ్డీల గార్డు బిగించాడు. ఆ గార్డు ఉంటే కారు నలగాల్సినట్టు నలగదు, దెబ్బంతా లోపలి మనిషికి వస్తుంది. ఫోనులో ఎంత చెప్పినా వినలేదు, కళ్ళతో చూస్తేనైనా తీస్తాడనుకున్నాను.

బావ చూశాడు. చూసి మొహం చిట్లించాడు.

"ఒసే పద్మా, పొద్దున్నే ఈ పగిలిన మొగాన్ని గుమ్మంలో ఎడితే బోనీ ఎలాగవుతాదే?"

నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించి, పైన టార్పాలిన్ కప్పించి వెనక్కి తోయించాడు. నలగడమే దాని గొప్పతనమని నేను ఓపిగ్గా చెప్పాను. అన్నిటికీ తలూపాడు. సభ రోజు తనే గుమ్మంలో పెట్టిస్తానని మాట కూడా ఇచ్చాడు. నేను నమ్మి, సభకు పిల్లల్ని పిలవడానికి ఊళ్ళో కాలేజీలకు వెళ్ళాను.

సభ రోజు పొద్దున నిజంగానే గుమ్మంలో పెట్టించాడు. కారుకు ఒక్క సొట్ట లేదు. డెంటింగ్ పని చేసే చినబాబు రాత్రంతా సుత్తితో సాపు చేసి, లప్పం రాసి, రంగు కొట్టేశాడట. ఎయిర్‌బ్యాగ్ అసహ్యంగా వేలాడుతోందని కోసి పారేశారు, అది వెనక చెత్తకుప్పలో టీ కప్పుల మధ్య పడి ఉంది. అంతటితో ఆగితే మా బావ ఎందుకవుతాడు? ఆ కారుకే ముందు మెరిసే ఇనుప గార్డు బిగించి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాడు. వచ్చినవాళ్ళందరికీ, ఇది ముందే ఉండుంటే బండి నలిగేదే కాదని చెబుతున్నాడు.

షోరూమ్ ముందు వేసిన వేదిక మీద కార్ల కంపెనీ తరఫున వచ్చిన పెద్దమనిషి, అందరూ చేయీ చేయీ కలిపితేనే ప్రాణాలు నిలుస్తాయని ఊగిపోతూ ఉపన్యసించాడు. దిగాక ఆయన చెవిలో వేశాను, గార్డు చూశారా అని. చూశానన్నాడు. జిల్లాలో ఎక్కువ బండ్లు అమ్మేది మీ బావగారే కదా మేడమ్, ఇప్పుడు రభస ఎందుకని నవ్వి, ఆ గార్డు మీద చేయి వేసి ఫోటో దిగాడు. ఇంత సిగ్గులేనితనాన్ని అంత దగ్గర్నుంచి చూడటం నాకదే మొదటిసారి.

నేను మైకు అందుకుని, ఈ గార్డు మనుషుల్ని చంపుతుందని అన్నాను. రెండో వాక్యం రానివ్వకుండా బావ మైకు తీసుకుని, మా మరదలు పెద్ద ఇంజనీరని మురిసిపోతూ చప్పట్లు కొట్టించి, పులిహోర పొట్లాలు సిద్ధమని ప్రకటించాడు. జనం కదిలారు. నూనె చేతులతో ఆ గార్డును తట్టి చూసి, గట్టిగా ఉందిరా అనుకున్నారు.

ఆ సాయంత్రం సింధూరే తండ్రిని అడిగింది, తన కారుకున్నది తీసేయమని. పైడితల్లమ్మ గుడి ముందు పూజ చేయించి బొట్టు పెట్టి బిగించింది తీస్తే దోషమన్నాడు. పైగా సొంత కూతురి బండికే గార్డు లేకపోతే కొనేవాళ్ళు ఏమనుకుంటారన్నాడు. అసలు సంగతి రెండోది. సింధూరి నావైపు తిరిగింది.

"సర్లే పిన్నీ, నాను బెల్టెట్టుకుంతాన్లే."

పెట్టుకుంది కూడా. వానలు మొదలైన కొత్తలో రణస్థలం దాటాక ఆటోను తప్పించబోయి కల్వర్టు గోడను గుద్దింది. బెల్టు ఉండబట్టి ప్రాణం దక్కింది. దెబ్బను మొదట ఆ ఇనుప కడ్డీలు అందుకోవడంతో సెన్సర్ల లెక్క తప్పి ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోలేదు. ముఖం వెళ్ళి స్టీరింగుకు కొట్టుకుంది. దవడ విరిగింది. ఎడమ కన్ను ఇక కనిపించదన్నారు.

నేను చెన్నై నుంచి వచ్చేసరికి బావ ఆసుపత్రిలో కూతురి మంచం పక్కనే ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. ఆ కళ్ళతోనే, పరామర్శకు వచ్చినవాళ్ళకు ఫోనులో కారు ఫోటో చూపిస్తున్నాడు. ముందు నుంచి తీసిన ఫోటో. బానెట్ మీద గీత లేదు. అమ్మవారి దయ, బండికే ఏమీ కాలేదంటే దెబ్బ ఎంత తేలికైపోయిందో చూడండని చెబుతున్నాడు. వాళ్ళు గార్డు వైపు వేలు పెట్టి, నిజమే నిజమే అంటున్నారు. స్టీరింగును ఎవరూ ఫోటో తీయలేదు.

సింధూరి చేయి చాచింది. బావ ఫోను దాని చేతికిచ్చాడు. ఉన్న ఒక్క కంటితో ఆ ఫోటోను చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా తన దవడ మీద కట్టును తడుముకుంది. బావ అదంతా చూశాడు. ఇప్పుడైనా తప్పు ఒప్పుకుంటాడేమోనని నేను ఎదురుచూశాను.

దాని చేతిలోనే ఫోను మోగింది. బావ తీసుకుని, గుమ్మం దాకా వెళ్ళి గొంతు తగ్గించాడు.

"ఆఁ, ఆ గార్డే బాబూ. బండికి గీత కూడా పడ్నేదు. రండి, ఉన్నాది."