స్వామిగా ఉన్నన్నాళ్ళూ

తెల్లారేలోగా కల్యాణి చేయాల్సిన పనులు ఇవి: తలారా స్నానం చేయడం, ఉల్లి వెల్లుల్లి తగలని గిన్నెల్లో స్వామికి భిక్ష వండి క్యారేజీలో సర్దడం, పీఠం దగ్గర దీపంలో నూనె పోయడం, భర్తకి కాఫీ ఫ్లాస్కులో పోసి పెట్టడం, బెజవాడ చిన్న డాక్టరు రాసిచ్చిన చీటీ వెతికి సంచీలో వేసుకోవడం, బస్సులో స్వామికి కిటికీ పక్క సీటు పట్టడం, ఈసారైనా పెద్ద డాక్టరు వచ్చేటట్టు చూడమని దేవుడికి దణ్ణం పెట్టుకోవడం.

స్వామి అంటే ఎవరో కాదు, ఆమె మరిది సీతారామాంజనేయులు. ముప్పై దాటినవాడు. నూజివీడులో వాళ్ళది మామిడికాయల వ్యాపారం. కాయల యార్డులో ధర మాట్లాడుకోవాలంటే తువ్వాలు కింద చెయ్యీ చెయ్యీ కలిపి వేళ్ళతో చెప్పుకోవాలి. ఆంజనేయులు ఆ పని చేయలేడు. ఒకసారి ఏలూరు వ్యాపారి తువ్వాలు కప్పి చెయ్యి పట్టుకోగానే కెవ్వున అరిచి, చెయ్యి విదిలించుకుని, కాయల గుట్ట వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఆ బేరం పోయింది. లారీ హారన్ మోగితే చెవులు మూసుకుంటాడు. తను సర్దిన గంపలో ఎవరైనా ఒక్క కాయ కదిపితే మళ్ళీ మొదటినుంచీ సర్దుతాడు. హమాలీలు కావాలనే కదిపి నవ్వేవాళ్ళు.

"పెళ్ళి చేస్తే అదే కుదురుతుందే," అనేవాడు కల్యాణి భర్త గోపాలకృష్ణ.

"కుదరకపోతే? ఆ పిల్ల గతేంటండీ?"

ఆ ప్రశ్నకి జవాబు కోసమే ఈ తిరుగుడంతా. చిన్న డాక్టరు చూసి, "పుట్టుకతో వచ్చేదమ్మా, ఆటిజం అంటారు. అదేనేమోనని నా అనుమానం. పెద్దవాళ్ళలో తేల్చి చెప్పడం నావల్ల కాదు. మద్రాసు నుంచి పెద్ద డాక్టరుగారు వస్తుంటారు, ఆయనకి చూపించండి," అన్నాడు. ఆ వస్తుండడం ఎప్పుడో ఎవరికీ తెలియదు. కబురొచ్చి వెళితే ఒకసారి తుఫానని రైలు రాలేదు. ఇంకోసారి ఆయన వచ్చాడు గాని వీళ్ళ వంతు రాకముందే వెళ్ళిపోయాడు. వెళ్ళినప్పుడల్లా రోజంతా నర్సింగ్‌హోమ్ బల్ల మీద కూర్చోవడం, చీకటి పడ్డాక తిరిగి రావడం. ఈలోగా గోపాలకృష్ణ హనుమాన్ జంక్షన్‌లో గోతాల కొట్టు వీరభద్రరావుగారి అమ్మాయి సంబంధం మాట్లాడేశాడు. మాఘమాసంలో ముహూర్తం అనుకున్నారు. డాక్టరు ఒక్క మాట తేల్చి చెబితే ఆపుదామని కల్యాణి చూస్తోంది.

ఎదురుచూపుతో ఇంట్లో గొడవలు ఎక్కువైపోయాయి. అప్పుడు పక్కవీధి గురుస్వామి పెద్దిరాజు సలహా ఇచ్చాడు. "డాక్టరు వచ్చేదాకా ఊరికే ఎందుకమ్మా, మాల వేయించండి. అయ్యప్పే చూసుకుంటాడు."

వేయించారు. ఏమైందో ఏమో, ఇల్లు చల్లబడింది. వేళకి చన్నీళ్ళ స్నానం, వేళకి పూజ, ఒంటిపూట భోజనం, చాప మీద పడక. ఏదీ ఒకరోజు ఒకలా ఇంకోరోజు ఇంకోలా ఉండదు. స్వామిని ఎవరూ ఊరికే ముట్టుకోరు, భుజం చరచరు. హమాలీలు సైతం "స్వామీ శరణం" అని పక్కకి తప్పుకుంటున్నారు. ఎవరేమన్నా తిరిగి "శరణం" అంటే చాలు, వేరే మాట వెతుక్కోనక్కర్లేదు. ఆంజనేయులు అంత నెమ్మదిగా ఉండడం కల్యాణి కాపురానికి వచ్చాక ఎన్నడూ చూడలేదు.

పెద్ద డాక్టరు ఆరోజు నిజంగానే వచ్చాడు. నల్లబట్టలతో, చందనం బొట్టుతో, చెప్పుల్లేని కాళ్ళతో నిలబడ్డ మనిషిని చూసి కుర్చీ చూపించాడు.

"మనుషులతో కలుస్తావా?"

"శరణం చెప్తాను స్వామీ."

"నిద్ర?"

"చాప మీద."

"కోపం?"

"దీక్షలో రాకూడదు."

డాక్టరు కల్యాణి వైపు తిరిగాడు. "దీక్షలో ఎవరైనా ఇలాగే ఉంటారు కదమ్మా! నేనేం చెప్పగలను? మాల తీశాక తీసుకురండి."

"మళ్ళీ ఎప్పుడొస్తారండీ?"

"కాంపౌండరు చెప్తాడు."

కాంపౌండరు, "ఆయనకే తెలీదమ్మా, నాకేం తెలుసు?" అని తర్వాతివాళ్ళని పిలిచాడు.

కల్యాణికి ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఎదురుచూపుని తట్టుకోవడానికి చేసిన పనే ఎదురుచూసిన మాటకి అడ్డం పడింది. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారాలి. అక్కడ దిగాక, నూజివీడు బస్సు కదలడానికి సిద్ధంగా ఉన్నా ఎక్కలేదు. "రండి స్వామీ," అని గోతాల కొట్టు వైపు నడిచింది. డాక్టరు చెప్పకపోతే తనే చెప్పాలి.

వీరభద్రరావు భార్య స్వామిని చూడగానే వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. ఆంజనేయులు అదిరిపడి గోడకి అతుక్కుపోయాడు.

"ఎంత అణకువమ్మా! ఆడవాళ్ళ చేత కాళ్ళు కూడా ముట్టించుకోడు," అని ఆవిడ మురిసిపోయింది.

"అది కాదు వదినగారూ. మాల తీస్తే మా మరిది ఇలా ఉండడు," అంది కల్యాణి.

"ఎవడుంటాడమ్మా?" వీరభద్రరావు పకపకా నవ్వాడు. "మా బావమరిది మాల తీసిన గంటలో సిగరెట్ వెలిగించాడు!"

కల్యాణి తువ్వాలు సంగతి చెప్పింది, గంపల సంగతి చెప్పింది, చెవులు మూసుకోవడం చెప్పింది.

"మగాడన్నాక ఆమాత్రం చిరాకు ఉండదా? ఇంతకీ జబ్బేంటి?"

"ఏదో పేరుందండీ. డాక్టరు ఇంకా తేల్చలేదు."

"తేలని జబ్బు జబ్బే కాదమ్మా. మీ ఆయనకి చెప్పు, ముహూర్తంలో మార్పు లేదని."

అప్పుడు లోపల్నుంచి వాళ్ళమ్మాయి ప్రమీలారాణి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు చేతికివ్వలేదు. స్టూలు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. పెళ్ళిచూపులకి ఇంకా నెల ఉంది. కానీ ఎదురుగా ఉన్నది పెళ్ళికొడుకు కాదు, స్వామి. స్వామితో ఎవరైనా మాట్లాడవచ్చు.

"స్వామీ, ఈ పెళ్ళి మీకు ఇష్టమేనా?"

"వద్దు మాతా," అన్నాడు ఆంజనేయులు, గ్లాసు వంకే చూస్తూ.

వాళ్ళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేను నచ్చలేదా?"

"మీరెవరో నాకు తెలీదు. పక్కన మనిషుంటే నాకు నిద్ర రాదు. మాట్లాడుతుంటే తల నొప్పి వస్తుంది. వద్దు."

"మరి ఇంట్లో చెప్పలేదేంటి?"

"ఎవరూ అడగలేదు."

కల్యాణి తల దించుకుంది. తనూ అడగలేదు. ఎన్ని బల్లల మీద పక్కన కూర్చుంది, ఎన్ని బస్సుల్లో!

"నోర్ముయ్యవే, లోపలికి ఫో!" అని వీరభద్రరావు కూతురి మీద కేకేశాడు. ఆ కేకకి ఆంజనేయులు చెవులు మూసుకుని చిన్నగా ఊగడం మొదలుపెట్టాడు. వీరభద్రరావు ఆగిపోయి చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత, "బస్సు టైమైంది, వెళ్ళండమ్మా," అన్నాడు.

సంబంధం తప్పిపోయింది. "నా పరువు బజార్న పెట్టావు," అని గోపాలకృష్ణ చాలారోజులు భార్యతో మాట్లాడలేదు. సంక్రాంతికి ముందే ఇరుముడి ఊరి గుళ్ళోనే సమర్పించి మాల తీయించారు. శబరిమల జనంలో ఆంజనేయులు నిలవలేడు. మర్నాడు బజార్లో ఎవరో భుజం చరిచారు. మళ్ళీ అరుపు, మళ్ళీ నవ్వులు. మామిడి పూత రాలి పిందె పట్టింది, పెద్ద డాక్టరు రాలేదు. కబురొస్తే కల్యాణి మళ్ళీ క్యారేజీ కట్టుకుని వెళుతుంది. ఆ జబ్బు పేరు ఇప్పటికీ కావాలి, అన్నదమ్ములకి వాటాలు పడేనాటికి ఆంజనేయులు వాటాకి అన్యాయం జరగకుండా ఇంకా కావాలి. కాకపోతే ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా ముందు ఆంజనేయుల్ని అడుగుతోంది. వెంటనే జవాబు రాదు. ఒక్కోసారి సాయంత్రానికి వస్తుంది.

జంక్షన్‌లో మాత్రం ఇంకో కథ నడిచింది. "పెళ్ళికొడుకుని నిలబెట్టి అడిగిన పిల్ల" అని పేరు పడి, ప్రమీలారాణికి వచ్చిన సంబంధాలు గుమ్మందాకా వచ్చి వెనక్కి పోయాయి. ఆమె ఏ తప్పూ చేయలేదు. అందరూ డాక్టరు నోటివైపు చూస్తుంటే ఆమె ఆ మనిషినే అడిగింది. ఈ కథలో ఇంకెవరు గుర్తున్నా లేకపోయినా, చదివినవారు ప్రమీలారాణిని గుర్తుపెట్టుకోండి.